అప్‌డేట్: 1965 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్ అసలుదే, కొనేశాను

పోయిన నెల ఇక్కడ అడిగాను: న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంటి దగ్గర అమ్మకానికి పెట్టిన మస్టాంగ్‌కి తలుపు మీది డేటా ప్లేట్ (బండి వివరాలు కొట్టిన రేకు) కొత్తగా మెరుస్తోంది, గట్టి టాప్ ఉండే కూపేని కోసి, టాప్ మడిచేసే కన్వర్టిబుల్‌గా మార్చిన బండేమో అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ప్లేట్ వదిలేయండి, బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు లోపలి ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) మీద కొట్టిన ఛాసిస్ నంబర్ చూడండి" అన్న సలహాతోనే విషయం తేలింది. పాత కార్లు బాగుచేసే మెకానిక్‌ని తీసుకెళ్లాను. ఆయన మురికి తుడిస్తే 5టీ08సీ అని మొదలైంది. 5 అంటే 1965. 08 అంటే కన్వర్టిబుల్. కూపేకి 07, టాప్ వెనక్కి వాలుగా ఉండే ఫాస్ట్‌బ్యాక్‌కి 09 ఉంటుంది. సీ అంటే టూ బ్యారెల్ కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపే భాగం) ఉన్న 289 క్యూబిక్ ఇంచుల ఇంజిన్. టీ అంటే బండి తయారైన ఫోర్డ్ మెటచెన్ ప్లాంట్. 2004లో మూతపడిన ఆ ప్లాంట్ ఉన్నది మా ఎడిసన్‌లోనే! అది విన్నాక నాకు మాట రాలేదు.

బండి పైకెత్తి చూస్తే కింద కన్వర్టిబుల్‌కి ఉండాల్సిన అదనపు రీన్‌ఫోర్స్‌మెంట్లు (బలం కోసం వేసే రేకులు) కూడా ఉన్నాయి. ఎప్పుడో తలుపు మార్చినప్పుడు ప్లేటూ కొత్తది వేశారట, అంతే.

మీటర్ తిరిగిన మైళ్లు తక్కువ చూపిస్తోందేంటి అని పడ్డ టెన్షన్ కూడా అనవసరం. ఆ మీటర్‌లో మైళ్లకు ఐదంకెలే, 99,999 దాటితే మళ్లీ సున్నాకొస్తుంది.