ఆరోగ్యవంతుడైన మూలకణ దాతకు ఏ మందు ఇవ్వాలి: ఫిల్‌గ్రాస్టిమా, ప్లెరిక్సాఫోరా?

కాబోయే దాత:
లుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో ఉన్న మా అన్నయ్యకు నా హెచ్‌ఎల్‌ఏ (దాత, రోగి కణాల పొంతన చూసే గుర్తులు) సరిపోయింది. రోజుకు కిలో బరువుకు 10 మైక్రోగ్రాముల చొప్పున, మూలకణాలను ఎముక మజ్జ నుంచి రక్తంలోకి రప్పించే ఫిల్‌గ్రాస్టిమ్ ఇచ్చి, ఐదో రోజున రక్తం నుంచి ఆ కణాలు సేకరిస్తామన్నారు. ప్లెరిక్సాఫోర్ ఒక్క ఇంజెక్షన్‌తో అదే రోజు పని చేస్తుందట కదా, మరి నాకు ఇన్ని రోజుల ఇంజెక్షన్లు ఎందుకు?

హెమటాలజీ రెసిడెంట్:
రెండూ పనిచేసే తీరు వేరు. ఫిల్‌గ్రాస్టిమ్ మజ్జలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను పెంచుతుంది. మూలకణాలను అక్కడ పట్టి ఉంచే బంధాలను వాటి ఎంజైములు తెంచుతాయి కనుక రోజులు పడుతుంది. ప్లెరిక్సాఫోర్, మూలకణాలను మజ్జలో నిలిపి ఉంచే సీఎక్స్‌సీఆర్4 గ్రాహకాన్నే నేరుగా అడ్డుకుంటుంది కనుక కొన్ని గంటలు చాలు. అయితే 2008లో 25 మంది తోబుట్టువు దాతలపై వెలువడిన అధ్యయనంలో, ఒక్క మోతాదుతో మార్పిడికి సరిపడా కణాలు వచ్చింది మూడింట రెండు వంతుల మందికే. రోగికి కండిషనింగ్ కీమోథెరపీ (మార్పిడికి ముందు రోగి మజ్జను ఖాళీ చేసే మందులు) ఇచ్చేశాక దాత దగ్గర కణాలు చాలలేదంటే పరిస్థితి ఏమిటో ఆలోచించండి. పైగా అమెరికాలో 2008 డిసెంబరులో ప్లెరిక్సాఫోర్‌కు లభించిన అనుమతి, లింఫోమా, మైలోమా అనే రక్త క్యాన్సర్ల రోగుల నుంచి వారి సొంత కణాలనే సేకరించడానికి, అదీ ఫిల్‌గ్రాస్టిమ్‌తో కలిపి వాడటానికి.

ఫార్మసిస్టు:
రెసిడెంట్ గారూ, రోగి భద్రతను చూపి దాత బాధను పక్కన పెట్టేస్తున్నారు. ఫిల్‌గ్రాస్టిమ్ తీసుకున్న దాతల్లో ఎక్కువ మందికి నడుములోను, తుంటిలోను ఎముకల నొప్పి వస్తుంది. అరుదుగానైనా ప్లీహం చిట్లిన సందర్భాలున్నాయి. ప్లెరిక్సాఫోర్‌తో సాధారణంగా కనిపించేవి విరేచనాలు, వికారం, సూది గుచ్చిన చోట ఎర్రదనం. కణాలు చాలవన్న భయముంటే కండిషనింగ్‌కు ముందే సేకరించి గడ్డకట్టించి నిల్వ చేయవచ్చు. 2020లో కోవిడ్ వేళ ఎన్నో కేంద్రాలు అలాగే చేశాయి. హైదరాబాదు కంపెనీ 2001లోనే మన మార్కెట్లోకి తెచ్చిన ఫిల్‌గ్రాస్టిమ్ చవక కాబట్టి అదే శాస్త్రమైపోయిందేమోనని నా అనుమానం.

హెమటాలజీ రెసిడెంట్:
ధర మాట కాదనను. కానీ ఆ నొప్పి చాలామందిలో పారాసిటమాల్‌కు లొంగుతుంది, సేకరణ తరువాత కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. దాతకు క్యాన్సర్ వస్తుందన్న భయాన్ని దీర్ఘకాలిక పరిశీలనలు బలపరచలేదు. అన్నేళ్లపాటు, అంతమంది ఆరోగ్యవంతులను గమనించిన అనుభవం ప్లెరిక్సాఫోర్ విషయంలో ఇంకా లేదు. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జన్యు వ్యాధి) రోగుల్లో ఫిల్‌గ్రాస్టిమ్ ప్రాణాంతకమైన సంక్షోభాలకు దారితీసింది కనుక, జన్యు చికిత్స కోసం వారి సొంత కణాలు సేకరించేటప్పుడు ప్లెరిక్సాఫోర్ వాడటం సబబే. ఆ వాదన ఆరోగ్యవంతుడైన దాతకు వర్తించదు. ఐదో రోజున సీడీ34 లెక్క (రక్తంలోకి వచ్చిన మూలకణాల సంఖ్య) తక్కువగా వస్తే అదనంగా ప్లెరిక్సాఫోర్ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు, మొదటి మందుగా మాత్రం ఒప్పుకోను.

ఫార్మసిస్టు:
మొదటి మందుగా వాడనిదే ఆ అనుభవం ఎక్కడి నుంచి వస్తుందండీ? దాత సమ్మతితో, పర్యవేక్షణలో ఉన్న అధ్యయనాల్లోనైనా వాడాలి కదా.

కాబోయే దాత:
అయితే డాక్టరుగారిని రెండు సంగతులు అడుగుతాను: అన్నయ్య కండిషనింగ్ నా సేకరణకు ముందే మొదలవుతుందా, ఐదో రోజున నా లెక్క చాలకపోతే వారి దగ్గర ప్లెరిక్సాఫోర్ సిద్ధంగా ఉంటుందా?