అప్‌డేట్: తమ్ముడి రిజర్వ్ జట్టు సంగతి

ఇంటర్ చదువుతున్న మా తమ్ముడికి ఇక్కడి ఓ ఫుట్‌బాల్ క్లబ్ రిజర్వ్ జట్టు (సీనియర్ జట్టు తర్వాతి రెండో జట్టు) నుంచి పిలుపొచ్చింది, పంపాలా వద్దా అని అడిగాను కదా. పంపాం. పరీక్షలు మాత్రం రాయాల్సిందేనని నాన్న పట్టుబట్టారు.

'రిజర్వ్ అంటే బెంచీ మీద కూర్చోవడమే' అన్నారు కొందరు. కాదండీ, వీళ్ల మ్యాచ్‌లు వీళ్లకుంటాయి. 2022లో మొదలైన రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ కుర్రాళ్ల కోసమే. సీనియర్లతో ప్రాక్టీస్ చేసిన మొదటి రోజే మోకాలు దోక్కుపోయి వచ్చాడు. అమ్మ పసుపు అద్దుతుంటే వీడు డిఫెండర్‌ని ఎలా దాటాడో చెబుతూనే ఉన్నాడు!

నా టెన్షన్ వేరు, క్లబ్ ఇక్కడే ఉంటుందా అని. 2021-22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీయే 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అందుకే ప్రస్తుతానికి ఏడాదికే సంతకం పెట్టాం. డిగ్రీ సీటు కూడా చూస్తున్నాం.