ఏకాభిప్రాయమా, రాజీయా? అలుగు దగ్గర ఆగిన ఒక పేరు

నల్లగొండ (మొదటి పోస్టు):
మా మేనల్లుడు ఎం.టెక్. ప్రాజెక్టు సారాంశం తెలుగులో ఒక పేజీ రాసి నాకు చూపించాడు. పైన పేరు ‘ఘటనా ప్రేరిత ఏకాభిప్రాయ నియంత్రణ’ (ఇంగ్లీషులో event-triggered consensus control). మన పేపర్లలో ఘటన అంటే లారీ బోల్తా పడటమో, ఇల్లు కాలిపోవడమో. ప్రేరితం అనగానే వెనక ఎవరో ఉన్నారన్న అనుమానం. మొత్తం చదివితే పోలీసుల ప్రెస్‌నోట్‌లా ఉంది.

సంగతి ఇది. వరికి మందు కొట్టే మూడు డ్రోన్లు 2, 3, 7 మీటర్ల ఎత్తులో ఎగురుతున్నాయి అనుకోండి. పైన పెత్తనం చేసేవాళ్లు లేరు. ఒక్కొక్కటి పక్కవాటి ఎత్తు వింటుంది, తేడాను బట్టి అటు కొంచెం జరుగుతుంది. అట్లా జరిగి జరిగి మూడూ సగటు దగ్గర, అంటే 4 మీటర్ల దగ్గర కలుస్తాయి. కానీ క్షణక్షణం ఎత్తు చెప్తూ కూర్చుంటే బ్యాటరీ దండుగ, రేడియోలో రద్దీ. అందుకని, ఆఖరుసారి చెప్పిన ఎత్తుకూ ఇప్పుడున్న ఎత్తుకూ ఎడం ఒక హద్దు దాటితేనే కబురు పంపాలి, లేదంటే ఊరుకోవాలి.

గడియారం చూసి కబురు పంపడానికి ‘వారబందీ’, హద్దు దాటాక పంపడానికి ‘అలుగు’ అందామా? సాగర్ ఎడమ కాలువ కింది రైతులకు మొదటిది విడమరిచి చెప్పక్కర్లేదు. పొలం తడిగా ఉందా, నెర్రెలు బారిందా అని ఎవరూ చూడరు. వంతు వస్తే నీళ్లు, అయిపోతే బంద్. (ఈ బందీ ఖైదీ కాదు, ఫారసీ నుంచి వచ్చిన ‘కట్టుబాటు’.) చెరువు అలుగుకు తేదీతో పనిలేదు. నీళ్లు మట్టం దాటితే దుంకుతుంది.

మిర్యాలగూడ:
సార్, ఒక తిరకాసు. గొలుసుకట్టు చెరువుల్లో పైది అలుగు పోస్తే కిందిదానికి నీళ్లొస్తాయి. కిందిదాని గోడు పైదానికి పట్టదు. డ్రోన్లు కూడా అట్లా ఒకవైపే వింటే?

నల్లగొండ:
అప్పుడు కూడా కలుస్తాయమ్మా, సగటు దగ్గర మాత్రం కాదు. 7 మీటర్లది ఎవరి మాటా వినక, మిగతా రెండూ దాని మాట వింటే, చివరికి అవే 7కు ఎక్కుతాయి. దాన్ని మా ఊళ్లో ‘దొర మాట’ అనేవారు. కబురు ఎప్పుడు బయల్దేరాలన్నంత వరకే నా అలుగు.

గద్వాల:
అలుగు అంటే అలగడం కూడా కదా. ‘డ్రోను అలిగింది’ అని చదువుకునే పిల్లలు ఉంటారు. అన్నా, మీరే రెండుసార్లు రాసిన ‘హద్దు’ ఉండగా ఇంకోటి ఎందుకు? అరబ్బీ మాటే అయినా పొలం గట్టు మీద హద్దురాయై పాతుకుపోయింది. ‘హద్దు కబురు’ అనండి.

మహబూబ్‌నగర్:
నా పేచీ ఏకాభిప్రాయంతో. డ్రోనుకు అభిప్రాయం ఎక్కడిది? ‘రాజీ’ అనండి. మీ లెక్కే చూడండి: 7 మీటర్లది 3 దిగింది, 2 మీటర్లది 2 ఎక్కింది, 3 మీటర్లది 1 ఎక్కింది. దిగినదీ ఎక్కినదీ సరిసమానం. పంచాయితీలో ఇంత శుద్ధమైన రాజీ నేను చూడలేదు. ‘రాజీనామా’ మాత్రం వద్దు. ఉర్దూలో అది ఒప్పందం కాగితం, తెలుగులోకి వచ్చేసరికి ఉద్యోగం ఊడింది.

నల్లగొండ:
హద్దు కబురు ఖాయం. రాజీ సగటు దగ్గర కలిసినప్పటికే ఉంచుదాం. దొర మాటకు తలొగ్గడాన్ని రాజీ అనలేను, దానికి ‘ఒక్కమాట మీదికి రావడం’ చాలు.

ఇంకో మాట మిగిలింది. హద్దు మారకుండా ఉంటే డ్రోన్లు దగ్గరదగ్గరగా వచ్చి ఆగుతాయి, పూర్తిగా కలుస్తాయన్న భరోసా ఉండదు. డిమరోగొనాస్, ఫ్రాజోలి, యోహాన్సన్ 2012లో రాసిన పరిశోధన పత్రంలో పక్కవాటితో తేడా తగ్గేకొద్దీ హద్దు కూడా తగ్గుతుంది. 2013లో సైబోత్ మరో ఇద్దరితో కలిసి, కాలం గడిచేకొద్దీ తగ్గే హద్దు పెట్టాడు. మరీ తొందరగా తగ్గించారో, కొద్ది క్షణాల్లోనే లెక్కలేనన్ని కబుర్లు పంపాల్సి వస్తుంది. ముందున్న తాబేలును అందుకోవాలంటే అకిలీజ్ లెక్కలేనన్ని చిన్న దూరాలు దాటాలన్న గ్రీకు జెనో పేరు దీనికి పెట్టారు. తెలుగులో ఏమందాం?

మిర్యాలగూడ:
నిమిషానికోసారి ఫోన్ చేసి ‘ఏడున్నవ్’ అని అడగడాన్ని మా ఇంట్లో ‘నస’ అంటాం సార్.

నల్లగొండ:
మేనల్లుడు పక్కనే ఉన్నాడు, నవ్వుకుంటూ రాసుకున్నాడు. ఏ రెండు కబుర్ల నడుమైనా ఇంతకు తక్కువ కాని వ్యవధి ఉంటుందని చూపిస్తే నస లేనట్టే. ఇక్కడ కూడా ‘ఎడం’ అని రాయబోయాడు, ఆపాను. అది చెప్పిన ఎత్తుకూ ఉన్న ఎత్తుకూ నడుమ తేడాకు ఇప్పటికే ఇచ్చేశాం.