"మళ్ళీ ఎమర్జెన్సీ రావాలి" అనే వ్యాఖ్యలను ఏ సిద్ధాంతంతో చదవాలి?

ప్రశ్న: గోదావరి_పరిశోధకురాలు

అందరికీ నమస్కారం. 1975 జూన్ 25న విధించిన అత్యవసర పరిస్థితి గురించి యూట్యూబులో వచ్చే తెలుగు వీడియోల కింద జనం రాసే వ్యాఖ్యలపై రాజనీతిశాస్త్ర విభాగంలో పరిశోధన చేస్తున్నాను. కేంద్ర ప్రభుత్వం 2024 జూలైలో ఆ తేదీని 'సంవిధాన్ హత్యా దివస్'గా ప్రకటించాక ఏటా జూన్ చివరిలో ఇటువంటి వీడియోలు వెల్లువెత్తుతున్నాయి. వీడియోలో ఎమర్జెన్సీని తూర్పారబడుతుంటారు. కింద మాత్రం అప్పుడే నయమనీ, రైళ్ళు వేళకు నడిచేవనీ, ఆఫీసుకు వెళితే గుమాస్తా కుర్చీలో కనబడేవాడనీ రాసేవారు ఉంటారు. ఈ దేశాన్ని పదేళ్ళపాటు మిలటరీ చేతిలో పెడితే తప్ప బాగుపడదని రాసేవారూ ఉంటారు. ఎమర్జెన్సీ విధించిన పార్టీ పేరెత్తితేనే మండిపడేవారు కూడా ఈ రెండో రకం వ్యాఖ్యకు లైకు కొట్టడం నాకు అంతుపట్టడం లేదు.

జర్మన్ తత్వవేత్త అడార్నో బృందం రూపొందించిన నిరంకుశ వ్యక్తిత్వ కొలమానం (అధికారానికి లొంగే, కాఠిన్యాన్ని మెచ్చే ధోరణిని ప్రశ్నావళితో కొలిచేది) ఆధారంగా ఒక్కో వ్యాఖ్యకూ మార్కులు వేయమని మా గైడుగారు సూచించారు. నాకేమో, జనం సమ్మతితో అధికారం ఎలా నిలబడుతుందో వివరించిన ఇటలీ మార్క్సిస్టు గ్రామ్‌షీ వైపు మొగ్గు ఉంది. ఈ పనికి ఏది తగినదో, ఎందుకు తగినదో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: పాతబడి_మేష్టారు

అమ్మా, మీ గైడుగారి మాట కాదనడం మర్యాద కాదు గాని, ఆ కొలమానాన్ని వ్యాఖ్యల మీద ప్రయోగించడం కుదిరే పని కాదు. 1950లో వెలువడిన ఆ అధ్యయనాన్ని అమెరికాలో చేశారు. అందులో మనుషులను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నావళి నింపించారు, వారిలో కొందరితో సుదీర్ఘంగా ముఖాముఖి మాట్లాడారు. అయినా విమర్శ తప్పలేదు. ప్రశ్నావళిలోని వాక్యాలన్నీ ఒప్పుకుంటే మార్కులు పడేలా ఒకే దిశలో ఉన్నాయి కాబట్టి, దేనికైనా తల ఊపే స్వభావం ఉన్నవాడికి కూడా ఎక్కువ మార్కులే పడతాయని తరువాతివారు ఎత్తిచూపారు. మనిషి ఎదురుగా ఉన్నప్పుడే ఇంత చిక్కు ఉంటే, పేరు అసలుదో కాదో తెలియని మనిషి రాసిన ఒంటి వాక్యం నుంచి అతని వ్యక్తిత్వాన్ని రాబట్టడం జాతకం చెప్పడంతో సమానం.

మీకు వింతగా తోచిన విషయం మాత్రం అడార్నో పనిచేసిన ఫ్రాంక్‌ఫర్ట్ సామాజిక పరిశోధన సంస్థవారికి కొత్తది కాదు. 1929లో మనోవిశ్లేషకుడు ఎరిక్ ఫ్రామ్ జర్మన్ కార్మికుల మధ్య మొదలుపెట్టిన సర్వేలో, వామపక్షాలకు ఓటు వేసేవారిలో కూడా చెప్పుకోదగినంతమంది ఇంటా బయటా అధికారానికి తలవంచే మనస్తత్వంతో ఉన్నారని బయటపడింది. పార్టీ వేరు, లోపలి స్వభావం వేరు అన్న ఆ గమనింపు మీ లైకుల చిక్కుకు కొలమానం కన్నా దగ్గరగా ఉంది.

ఇంకా పనికివచ్చేది అదే సంస్థతో కలిసి పనిచేసిన లోవెంతాల్, గుటెర్మన్ 1949లో ప్రచురించిన పని. వారు శ్రోతల మనసులను తవ్వలేదు. రెచ్చగొట్టే వక్తల ప్రసంగాలనూ కరపత్రాలనూ ముందు వేసుకుని, అవి ఏ అసంతృప్తిని పట్టుకుంటున్నాయో, దాన్ని ఎటు మళ్ళిస్తున్నాయో వరసగా చూశారు. దురద పుట్టిన చర్మాన్ని గోకవద్దని వైద్యుడు చెబుతాడు, వక్త ఇంకా గోకమంటాడు అని వారు చెప్పిన పోలిక మీ వ్యాఖ్యలకు అతికినట్టు సరిపోతుంది. అడార్నో కూడా 1951 వ్యాసంలో, నాయకుడి వెనుక నడిచేవారు అతన్ని మనసారా నమ్మరనీ, నమ్మినట్టు ఒక పాత్రను అభినయిస్తారనీ రాశాడు. మిలటరీ పాలన కావాలని రాసే పెద్దమనిషి తన వీధిలో కర్ఫ్యూ పెడితే సంతోషిస్తాడని నేననుకోను. కాబట్టి ఆ వ్యాఖ్యను ఒక కోరికగా కాక ఒక అభినయంగా చదవండి.

జవాబు: మెతుకుసీమ

మేష్టారితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే అభినయం అని తేల్చేస్తే కుర్చీలోని గుమాస్తా మన చేతి నుంచి జారిపోతాడు. ఆ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగుదాం. భూమి మ్యుటేషన్ కోసమో, కుల ధ్రువీకరణ పత్రం కోసమో తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగినవాడికి ఖాళీ కుర్చీ అంటే ఏమిటో తెలుసు. జనసామాన్యంలో చలామణీ అయ్యే ఇంగితంలో పరస్పర విరుద్ధమైన పాత ఆలోచనలు ఎన్నో కలగలిసి ఉంటాయనీ, వాటి మధ్య అనుభవం నుంచి వచ్చిన వివేకపు గింజ కూడా ఉంటుందనీ గ్రామ్‌షీ జైలులో రాసుకున్న నోటుపుస్తకాలలో అన్నాడు. ఇక్కడి వివేకపు గింజ జవాబుదారీ లేని కార్యాలయం మీద కోపం. దాని చుట్టూ అల్లుకున్నది, భయం ఉంటేనే పని జరుగుతుందన్న భావన. ఈ రెంటినీ విడదీయడమే మీ విశ్లేషణకు అసలు పని.

రైళ్ళ సంగతీ అంతే. కొన్ని రైళ్ళు నిజంగానే వేళకు నడిచి ఉండవచ్చు. కానీ పత్రికల మీద సెన్సార్ ఉన్న రోజులలో ఆలస్యంగా వచ్చిన రైలు గురించి ఎవరు రాస్తారు? జ్ఞాపకం వట్టి అబద్ధం కాకపోవచ్చు, కానీ దానికి ఎదురు నిలవగల సాక్ష్యాన్ని అచ్చు కాకుండా అప్పుడే ఆపేశారు.

మరో మాట. ఢిల్లీలో రాసిన ఎమర్జెన్సీ చరిత్రతో తెలుగు వ్యాఖ్యలను చదివితే దారి తప్పుతారు. 1977 ఎన్నికలలో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోతే, ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ స్థానాలకు 41 ఆ పార్టీకే దక్కాయి. మిగిలిన నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి జనతా అభ్యర్థిగా గెలిచారు. ఆ తీర్పుకు సొంత కారణాలున్నాయి, ఆ కాలాన్ని గురించిన మన మధ్యతరగతి జ్ఞాపకానికీ సొంత రూపముంది. అదే కాలంలో, 1975 డిసెంబరు 1న, హైదరాబాదు ముషీరాబాద్ జైలులో నక్సలైట్ ఉద్యమకారులైన భూమయ్యనూ కిష్టాగౌడ్‌నూ ఉరి తీశారు. ఆ పేర్లు మీ వ్యాఖ్యలలో ఎన్నిసార్లు కనబడ్డాయో చూడండి. రైలూ ఆఫీసూ గుర్తున్నవారు వ్యాఖ్యలు రాస్తున్నారు, జైలు గుర్తున్నవారు అంతగా రాయడం లేదన్నది నా అనుమానం.

బ్రిటన్‌లో మార్గరెట్ థాచర్ గెలిచి ప్రధాని అయ్యే ముంగిట సాంస్కృతిక సిద్ధాంతకర్త స్టూవర్ట్ హాల్ 1979లో రాసిన వ్యాసం మీకు తప్పనిసరి. నిజమైన ఫిర్యాదులే కఠిన పాలనకు కింది నుంచి సమ్మతిని ఎలా సమకూరుస్తాయో అందులో చూపాడు. భావజాలానికి మోతాదు మించి బరువిచ్చి ఆర్థికాంశాలను తక్కువ చేశాడని తోటి మార్క్సిస్టులు 1984లో అతన్ని తప్పుపట్టారు. ఆ వాదాన్ని కూడా చదివి పెట్టుకుంటే మౌఖిక పరీక్షలో ఇబ్బంది పడరు.

జవాబు: డేటా_కూలీ

పెద్దలు సిద్ధాంతం చెప్పారు. నేను ఇటువంటి వ్యాఖ్యలను వడపోసే ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి ముడిసరుకు గురించి చెబుతాను. మీకు పైన కనబడేవి జనాభిప్రాయానికి నమూనా కావు. యూట్యూబ్ తన లెక్క ప్రకారం పైకి తెచ్చినవి. 'టాప్' వరసలో ఒకసారి, 'కొత్తవి' వరసలో ఒకసారి విడివిడిగా సేకరించి పోల్చండి. ఒకే అక్షరదోషంతో ఒకే వాక్యం వేరువేరు ఖాతాల నుంచి వచ్చిందంటే అది ఎక్కడి నుంచో అతికించినదని అనుమానించాలి. తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాసినవాటిని వదిలేయకండి, ఎక్కువ భాగం అవే. వెటకారాన్ని యంత్రం చాలాసార్లు పట్టుకోలేదు. "అవును బాబూ, మళ్ళీ రావాలి, మొదట నిన్నే లోపలెయ్యాలి" అన్న ధోరణిలో ఉన్నదాన్ని సాఫ్ట్‌వేర్ సమర్థనగా లెక్కగట్టవచ్చు.

సంస్కృతి కూడా సరుకుగా తయారవుతుందని ఫ్రాంక్‌ఫర్ట్ సంస్థకే చెందిన హార్క్‌హైమర్, అడార్నో 1940లలో రాసినది నాలాంటివాడికి ఈ దారిలోనే అర్థమైంది. కోపంతో రాసిన వాక్యానికి కోపంతో జవాబు వస్తే వీడియో దగ్గర మనిషి ఇంకాసేపు నిలుస్తాడు, ఇంకో ప్రకటన చూస్తాడు. ఈ సంగతిని వదిలేసి వ్యాఖ్యాత మనసును మాత్రమే విశ్లేషిస్తే సగం పనే అవుతుంది.

గోదావరి_పరిశోధకురాలు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. ప్రతి వ్యాఖ్య వెనుకా ఒక న్యాయమైన ఫిర్యాదును వెతుక్కుంటూ పోతే, హింసను కోరే మాటలకు కూడా మనమే సంజాయిషీ ఇచ్చినట్టు కాదా?

జవాబు: పాతబడి_మేష్టారు

అవుతుంది, అందుకే ఫిర్యాదునూ, హింసను కోరే మాటనూ ఒకే గాటన కట్టకూడదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో ఒక యువ పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం అక్కడికి వచ్చి పోలీసుల మీద పూలు చల్లారు, సామాజిక మాధ్యమాలు జేజేలతో నిండిపోయాయి. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో చెప్పింది. ఆ జేజేల వెనుక ఆడపిల్లల భద్రత గురించిన నిజమైన ఆందోళన ఉంది, న్యాయస్థానాల జాప్యం మీద విసుగు కూడా ఉంది. కానీ వాక్యం అడిగింది మాత్రం విచారణ లేని చావు. గుమాస్తా కుర్చీలో ఉండాలన్న వ్యాఖ్య ప్రభుత్వం నుంచి పనిని కోరుతుంది, ఈ జేజేల వ్యాఖ్య ప్రాణాన్ని కోరుతుంది. వర్గీకరణ పట్టికలో ఫిర్యాదుకు ఒక గడి, కోరిన చర్యకు ఒక గడి, ఆ చర్య ఎవరి మీద పడాలో దానికి ఇంకో గడి పెట్టండి. ఫిర్యాదు ఎంత న్యాయమైనదైనా రెండో గడిలోని మాటను అది మార్చలేదు. మూడో గడిని శ్రద్ధగా నింపండి, కులమూ మతమూ ఎక్కువగా అక్కడే బయటపడతాయి.

నాయకుడి మీద భక్తి గురించిన అధ్యాయానికి అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం తీసుకోండి. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గాని, రాజకీయాలలో వీరపూజ పతనానికీ, చివరకు నియంతృత్వానికీ దారి తీస్తుందని ఆయన అన్నది అందులోనే. మన సమాజాన్ని చదవడానికి అన్నీ జర్మనీ నుంచే తెచ్చుకోనక్కరలేదు.

వ్యాఖ్యాతల ఖాతా పేర్లు సిద్ధాంత గ్రంథంలో ఇవ్వకండి. వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉదహరిస్తే వెతికి పట్టుకుంటారు కాబట్టి సారాంశమే రాయండి. గైడుగారికి మాత్రం, వ్యక్తులకు మార్కులు వేయడానికి బదులు వాక్యాలను వర్గీకరిస్తానని చెప్పండి. ఆయనకు పట్టిక కావాలి, అది దీనిలోనూ ఉంటుంది.