గ్యాస్ గీజరు బాత్రూములోనా, దొడ్డిగోడకా?

లంకగాలి:
అమలాపురం దగ్గర డాబా ఇల్లు. ఆరు లీటర్ల గ్యాస్ గీజరు, నెత్తిన పొగగొట్టం తగిలించే మోడలు. బాత్రూము 5 అడుగుల వెడల్పు, 7 పొడవు, 8 ఎత్తు. ప్లంబరేమో లోపలే బిగిస్తానంటున్నాడు, వెంటిలేటరూ ఎగ్జాస్టు ఫ్యానూ ఉన్నాయి కదా అని. ఎలక్ట్రీషియనేమో దొడ్డివైపు గోడకి పెట్టమంటున్నాడు. ఎవరి మాట వినాలండి?

పంపుసెట్టు:
గొట్టం సరిగ్గా వేస్తే లోపలే మేలండి. మనవైపు బయట పెడితే గాలికి మంట ఆరిపోతుంది, వానజల్లుకి బ్యాటరీ పెట్టె తుప్పు పడుతుంది. గొట్టం సైజు గీజరు మూతి కన్నా తగ్గకూడదు. నెత్తి నుంచి రెండడుగులు నిలువుగా లేచాకే మొదటి మలుపు. అడ్డంగా వెళ్లే ముక్క మీటరు దాటనివ్వకండి, బయటికి పోయేకొద్దీ అది పైకి లేవాలి. వంపులు రెండు చాలు. చివర టోపీ పెట్టి, పక్కగది కిటికీకి దూరంగా తీయండి. ఓడలరేవు, అంతర్వేది వైపు ఉప్పుగాలికి జీఐ (జింకుపూత ఇనుప) గొట్టం నిలవదు, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వేయించండి. పీవీసీ మాత్రం వద్దు, వేడికి మెత్తబడిపోతుంది.

ఉప్పుటేరు:
మాస్టారూ, గొట్టం సంగతంతా సరే, ఫ్యాను మాట వదిలేశారే! గదిలో గాలిని ఫ్యాను బయటికి తోస్తే ఆ లోటు ఎక్కడినుంచో పూడాలి కదా. తలుపు కింద సందు లేకపోతే పొగగొట్టంలోంచే పూడుతుంది, పొగతో సహా. ప్లంబరు రక్షణ అనుకున్నదే ముప్పు.

ఇంకో లెక్క చూడండి. ఆరు లీటర్ల గీజరు పూర్తి మంట మీద గంటకి దాదాపు 900 గ్రాముల గ్యాసు తాగుతుంది. పది నిమిషాలకి 150 గ్రాములు. కిలో ఎల్పీజీ కాలడానికి 12, 13 ఘనమీటర్ల గాలి కావాలి, అంటే ఒక్క స్నానానికి దగ్గరదగ్గర 2 ఘనమీటర్లు. మీ బాత్రూములో ఉన్నదే 8. పొగ లోపలే తిరిగితే, ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. భోగినాడు తెల్లవారుజామున ఐదుగురు వరసగా తలంట్లు పోసుకుంటారు, పైగా చలేస్తోందని వెంటిలేటరుకి అట్టముక్క అడ్డం పెడతారు. ఆ విషానికి రంగూ వాసనా ఉండవు. సిలిండరు గ్యాసు వాసన లీకు తెలియడానికి కలిపింది, అది మంటలో కాలిపోతుంది. తలనొప్పి, వికారం, కాళ్లు తేలిపోవడం, అంతే. ఆ తర్వాత గడియ తీసే ఓపిక కూడా ఉండదు.

పంపుసెట్టు:
ఫ్యాను సంగతి ఒప్పుకున్నానండి. లోపల గీజరుంటే ఫ్యాను తీసేయాలి, తలుపు అడుగున గాలాడే జాలీ పెట్టాలి. అనుమానం ఉంటే పరీక్ష సులువు: తలుపూ కిటికీ మూసి, గీజరు వెలిగించి ఐదు నిమిషాలాగి, నెత్తిన గొట్టం మొదలయ్యే సందు దగ్గర అగరొత్తి పట్టండి. దాని పొగని గొట్టం లోపలికి పీల్చుకుంటే లాగుడు ఉన్నట్టు. మన మొహం మీదికి తిరిగితే వెంటనే ఆపేయాలి. గాలి తోలే రోజు మళ్లీ చూడాలి.

ఉప్పుటేరు:
ఆయ్, గాలి తోలే రోజు ఆ పరీక్ష తప్పితే స్నానం మానేస్తారా? అందుకే బయట అంటున్నది. మూడు పక్కలా గోడో రేకో ఉన్న వసారాలో పెడితే మంట ఆరదు, జల్లూ పడదు.

దొడ్డిగుమ్మం:
ఎక్కడ పెట్టినా ఏటా ధనుర్మాసానికి ముందు విప్పి చూడాల్సిందే. వేసవంతా వాడకపోతే బర్నరు గొట్టాల్లో సాలీడు గూడు అల్లుతుంది, పొగగొట్టం మూతిలో కందిరీగ మట్టి పూస్తుంది. అప్పుడు గాలి అందక మంట పసుపుపచ్చగా, మెత్తగా సాగుతుంది, పైన నీళ్లు వేడెక్కే రాగి రెక్కల మీద మసి కడుతుంది. తెల్లగుడ్డతో తుడిస్తే నల్లగా అంటుతుంది. ఒక్క తేడా గమనించండి: ఉప్పుగాలి ఉన్నచోట నీలిమంటలో నారింజరంగు చుక్కలు మెరుస్తాయి, అది ఉప్పులోని సోడియం. మసి లేకపోతే దానికి కంగారక్కర్లేదు.

రెగ్యులేటరు ఇంట్లో వాడే 30 గ్రాముల (చదరపు సెంటీమీటరుకి) ప్రెషరుదే ఉండాలి. రబ్బరు గొట్టం మీటరున్నర దాటకూడదు, ఐదేళ్లకి మార్చాలి, అంతకన్నా దూరమైతే రాగి పైపు. నీళ్లు తిప్పినా నిప్పురవ్వ కొట్టకపోతే ముందు బ్యాటరీలు చూడండి, తర్వాత నీళ్ల వాల్వులో రబ్బరు పొర. చాలా మోడళ్లకి ట్యాంకు అడుగుకీ గీజరుకీ ఎనిమిది, పది అడుగుల ఎత్తు తేడా ఉండాలి, లేకపోతే నీళ్ల ఒత్తిడి చాలదు. ఒక అంతస్తు డాబాల్లో అది కుదరక గీజరుని తిడుతుంటారు. బోరునీళ్లలో సున్నం ఎక్కువైతే రాగి గొట్టంలో అది గారలా పేరుకుంటుంది.

లంకగాలి:
వసారా గోడకే అనుకుంటున్నానండి. అక్కణ్ణించి షవరుకి 20 అడుగుల పైపు పడుతుంది. వేడినీళ్లు వచ్చేలోపు ఎన్ని నీళ్లు దండగ?

ఉప్పుటేరు:
అరంగుళం పైపైతే దాదాపు ముప్పావు లీటరు. ముప్పావంగుళం వేస్తే లీటరున్నర. సీపీవీసీ (వేడినీళ్లకి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) అరంగుళానిది వేసి, పైన నురుగు తొడుగు చుట్టండి. గీజరు దగ్గర మొదటి రెండడుగులు మాత్రం ఇనుపదో రాగిదో ఉండాలి, సీపీవీసీ నేరుగా తగిలించకండి.

పంపుసెట్టు:
వసారాకి అద్దాల కిటికీలు బిగించి మూసేయనని మాటివ్వండి, నాకూ సమ్మతమే.