దావీదు ఏం కనిపెట్టాడు?

నిన్న రాత్రి కుటుంబ ప్రార్థనలో మా మేనల్లుడు బైబిల్లో దావీదు 40వ కీర్తన చదువుతూ మొదటి వచనం దగ్గరే ఆగిపోయాడు. "యెహోవాకొరకు నేను సహనముతో కనిపెట్టుకొంటిని" అని ఉంది కదా, వాడికి తెలిసిన కనిపెట్టడం గ్రాహంబెల్ టెలిఫోన్ కనిపెట్టాడే, అదొక్కటే. "దావీదు ఏం కనిపెట్టాడు మామయ్యా?" అన్నాడు. అందరం నవ్వాం గానీ, "వెయిట్ చేయడంరా" అని చెప్పేశాక నాకే ఆ జవాబు నచ్చలేదు.

మా అమ్మమ్మ "పొయ్యి మీద పాలున్నాయి, కాస్త కనిపెట్టుకుని ఉండు" అని పెరట్లోకి వెళ్లేది. అంటే గిన్నె మీంచి చూపు తిప్పకూడదనే. బస్సు కోసం ఫోన్ చూసుకుంటూ కూడా ఎదురుచూడొచ్చు, పాల దగ్గర అలా నిలబడితే పొయ్యంతా తుడుచుకోవాలి. మన చర్చిల్లో "కనిపెట్టు ప్రార్థన" అంటారే, అందులో ఉన్నది ఈ మాటే అని నా లెక్క. 130వ కీర్తనలో "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా" అన్నప్పుడు ఇది ఇంకా బాగా అతుకుతుంది. కావలివాడు తెల్లారేదాకా కునుకు తీయకూడదు, అలాగని తొందరపడి పొద్దును పొడిపించనూ లేడు.

ఇంకో సంగతి. 40వ కీర్తన హీబ్రూ మూలంలో "సహనముతో" అనే మాట విడిగా లేదు. ఒకే క్రియను రెండుసార్లు వేశారు, మనం "చూసీ చూసీ" అన్నట్టు. యెషయా 40:31లోనూ అదే క్రియ, కానీ అక్కడ తెలుగు బైబిల్లో మనవాళ్లు "ఎదురు చూచువారు" అని రాశారు. ఎందుకు మార్చారో గానీ, నాకైతే కనిపెట్టడమే ఇష్టం.

కామెంట్లలో ఒకరు అడిగారు: కనిపెట్టుకుని ఊరికే కూర్చుంటే సరిపోతుందా, మరి లూకా 18లో యేసు చెప్పిన కథలో, న్యాయం కోసం న్యాయాధిపతి చుట్టూ తిరిగిన విధవరాలి మాటేమిటని. మంచి ప్రశ్న అండీ. అక్కడ అన్యాయపు న్యాయాధిపతి ఆమె "మాటిమాటికి వచ్చి గోజాడకుండునట్లు" న్యాయం తీరుస్తానంటాడు. గోజాడటం అంటే వదలకుండా వెంటపడి విసిగించడం. గ్రీకు మూలంలో ఉన్న క్రియ ఇంకా మోటుది, అక్షరాలా చూస్తే కంటి కింద గుద్దడం! 1 కొరింథీ 9:27లో పౌలు తన శరీరాన్ని "నలగగొట్టి" అన్నచోట కూడా అదే క్రియ. అంత పెద్ద న్యాయాధిపతికి దిక్కులేని విధవరాలి చేతిలో కన్ను వాచిపోతుందేమో అన్న భయం అన్నమాట. ఆ హాస్యం గోజాడటంలో కొంత జారిపోయింది, అయినా "విసిగించుట" అని చప్పగా రాయనందుకు సంతోషం. ఇంతకీ ఆమె కూడా ఊరికే అరవలేదు, ఆయన ఎప్పుడు దొరుకుతాడా అని కనిపెట్టుకునే ఉండి ఉంటుంది.

గోజాడు అనే మాట మీ ఇళ్లలో ఇంకా వాడుతున్నారా? మా ఇంట్లో పిల్లలు చాక్లెట్ల కోసం చేసే పని అదే గానీ, దాన్ని ఆ పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు.