టాంపాలో గుడ్డ కప్పు కారు, సాయంత్రపు పిడుగులు: కొత్తగా వచ్చిన తమ్ముడి ప్రశ్న

కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి మార్చిలో ఇక్కడికి వచ్చాను. ఉద్యోగం అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాలో, అద్దె ఇల్లు క్లియర్‌వాటర్‌లో. చిన్నప్పటి నుంచి ఆశపడిన కారు మొన్న మేలో కొన్నాను. పాతదే, పైకప్పు మడిచి వెనక్కి దించుకునే కన్వర్టిబుల్. కప్పు గుడ్డది. ఆ నెలంతా హాయిగా తిరిగాను. జూన్ వచ్చాక రోజూ సాయంత్రం నాలుగయ్యేసరికి ఆకాశం నల్లబడుతోంది. నిన్న ఇంటికి వెళ్తుండగా బాగా దగ్గరలో పిడుగు పడింది. కప్పు వేసే ఉంది, చుక్క నీరు లోపలికి రాలేదు. అయినా ఇల్లు చేరేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి. కారులో ఉన్నవాళ్ళను పిడుగు ఏమీ చేయదని ఆఫీసులో అంటున్నారు. నిజమేనా? ఈ వర్షాకాలం ఈ కారుతో ఎలా నెట్టుకురావాలి?

ఓర్లాండో సభ్యుడు:

తమ్ముడూ, కంగారు పడకు. కారుకు రబ్బరు టైర్లు ఉంటాయి కదా, వాటిని దాటి కరెంటు పోదు. పదేళ్ళుగా ఇక్కడే నడుపుతున్నాను, నాకు ఎప్పుడూ ఏమీ కాలేదు.

టాంపాలో పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్న సభ్యుడు:

ఓర్లాండో అన్నగారంటే నాకు గౌరవం ఉంది. కాని ఇది ప్రాణం మీదకు తెచ్చే నమ్మకం కనుక కాదని గట్టిగానే చెప్పాలి. కొన్ని కిలోమీటర్ల గాలిని చీల్చుకుని దిగే పిడుగుకు జానెడు రబ్బరు ఏమి అడ్డు? మామూలు కారులో మనిషిని కాపాడేది దాని లోహపు గుల్ల. పిడుగు పైకప్పు మీద పడితే కరెంటు ఆ రేకు వెంట జారి, పక్క స్తంభాల మీదుగా దిగి, చక్రాల దగ్గర నేలను అందుకుంటుంది. లోపల కూర్చున్న మనిషి చుట్టూ పోతుంది కాని మనిషిలోంచి పోదు. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1836లో లోహపు రేకు అతికించిన గదిలో కూర్చుని చూపించినది ఇదే.

నీ కారులో ఆ గుల్లకు పై భాగమే లేదు, తమ్ముడూ. తల మీద ఉన్నది గుడ్డ, దాన్ని నిలబెట్టే నాలుగు కమ్మీలు. వాన వరకు అది మంచి గొడుగు. పిడుగుకు అది ఉన్నా లేనట్లే. అమెరికా జాతీయ వాతావరణ సేవ వాళ్ళు కన్వర్టిబుళ్ళను మోటారు సైకిళ్ళు, గోల్ఫ్ బండ్లతో కలిపే ప్రమాదకరమైన వాటిలో చేర్చారు. మడతపడే గట్టి కప్పు ఉన్న కార్లు కొన్ని వస్తాయి. అవి పూర్తిగా మూసి ఉన్నప్పుడు మేలే, అయితే ఆ కప్పు లోహమో, ప్లాస్టిక్ లాంటి పదార్థమో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. ఫైబర్‌గ్లాస్ ఒళ్ళున్న కార్లూ పిడుగుకు రక్ష కావు.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2009లో మిత్రుడి కన్వర్టిబుల్‌లో టాంపా నుంచి మీ ఊరికి నీళ్ళ మీదుగా పోయే రోడ్డు, కోర్ట్నీ క్యాంబెల్ కాజ్‌వే మీద వెళ్తున్నాం. కప్పు దించి ఉంది, మా నెత్తిన ఎండ కాస్తోంది. మబ్బు చాలా దూరంలో, టాంపా వైపు. ఉరుము సన్నగా వినిపించింది, మేము లెక్కచేయలేదు. ఇంకాసేపటికి మరొకటి వినిపిస్తే కప్పు వేద్దామని పక్కన ఆపాము, ఎందుకంటే ఆ కారు ఆగి ఉంటేనే కప్పు లేస్తుంది. అది సగం లేచిందో లేదో, ఒడ్డున ఉన్న తాటి జాతి చెట్టు మీద పిడుగు పడింది. మాకూ దానికీ మధ్య ఓ యాభై గజాలు ఉంటుందేమో. చెవుల్లో హోరు ఆ రాత్రంతా తగ్గలేదు. వాన ఒక్క చుక్క కూడా పడలేదు. పిడుగు మబ్బును వదిలి 10 మైళ్ళ దూరంలో కూడా పడగలదని ఆ తరువాతే తెలుసుకున్నాను. ఉరుము వినిపించిందంటే నువ్వు ఆ దూరంలోనే ఉన్నావని అర్థం. కప్పు వేయడానికి కాదు, లోపలికి వెళ్ళడానికి అది పిలుపు.

నువ్వు గుంటూరు వాడివి, పిడుగులు నీకు కొత్త కావు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని విపత్తు నిర్వహణ అధికారులు లెక్క చెప్పారు. మా నాయనమ్మ ఉరిమితే చాలు, "అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి" అని పేర్లన్నీ చదివిస్తూ పిల్లలందరినీ వసారాలోంచి నట్టింట్లోకి తోలేది. పేర్లు మరిచిపోయినా ఊరుకునేది కాని, అరుగు మీద ఒక్కడిని మిగలనిచ్చేది కాదు.

ఇక్కడ ఒక అనుకూలం ఉంది. వేసవి పిడుగులు చాలావరకు వేళ పాటిస్తాయి. గల్ఫ్ వైపు నుంచి ఒక సముద్రపు గాలి, అట్లాంటిక్ వైపు నుంచి మరొకటి పగలంతా లోపలికి వచ్చి, మధ్యాహ్నం దాటాక ఎదురెదురు పడతాయి. ఆ తోపులాటలో వేడిగాలి పైకి లేచి మబ్బు కడుతుంది. అందుకని జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆఫీసు నుంచి కదిలే ముందు వాన మబ్బు ఎక్కడుందో చూపే రాడార్ ఫోనులో చూడు. దారిలో మబ్బు ఉంటే అరగంట ఆగు. మీ పైఅధికారికి ఇది కొత్త సంగతి కాదు, అడిగితే అర్థం చేసుకుంటారు. ఉదయం తొందరగా వెళ్ళి మూడు లోపు బయలుదేరగలిగితే ఇంకా మంచిది.

దారిలోనే ఉరుము వినబడితే ఎక్కడ ఆగాలో ముందే గుర్తుపెట్టుకో. గ్యాస్ స్టేషన్ అయితే లోపల దుకాణంలోకి వెళ్ళు. పంపుల పైన ఉండే రేకు కప్పు కింద నిలబడితే పిడుగు నుంచి రక్ష లేదు. చెట్టు కింద అసలే వద్దు. ఆఖరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు గడిచేదాకా బయటికి రాకు. వంతెన మీద చిక్కుకుంటే మాత్రం ఆగవద్దు. నిదానంగా నడుపుతూ దాటి, మొదట కనిపించిన పెద్ద భవనం దగ్గర ఆపు. ఎక్కడికీ పోలేక కారులోనే ఉండిపోవలసి వస్తే, రోడ్డు వదిలి బాగా పక్కకు తీసి, కప్పూ అద్దాలూ వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకో. తలుపు పిడి, గేరు, ఛార్జింగ్ వైరు ముట్టుకోకు. అది రక్ష కాదు, ఉన్నంతలో నష్టం తగ్గించుకోవడమే.

సెయింట్ పీటర్స్‌బర్గ్ సభ్యురాలు:

అన్నయ్యగారు పిడుగు గురించి అంతా చెప్పారు. నాకు భయం నీళ్ళంటే. బాబూ, పాత కారు అన్నావు కదా, ముందు టైర్లు చూసుకో. క్వార్టర్, అంటే 25 సెంట్ల నాణెం, దాని మీది వాషింగ్టన్ తల కిందికి ఉండేలా టైరు గాడిలో పెట్టు. తల పైభాగం పూర్తిగా కనిపిస్తే ఈ వానలకు ఆ టైర్లు చాలవు, మార్చేయి. అరిగిన టైరు నీటిని పక్కకు తోయలేక దాని మీద తేలుతుంది, అప్పుడు స్టీరింగ్ నీ మాట వినదు. తడి రోడ్డు మీద క్రూజ్ కంట్రోల్ (పెడల్ తొక్కకుండానే ఒకే వేగం నిలిపే ఏర్పాటు) వాడకు. వాన పడుతుంటే హెడ్‌లైట్లు వేయడం ఫ్లోరిడా చట్టం. నాలుగు దీపాలూ మిణుకుమనిపిస్తూ నడపడం 55 మైళ్ళు, అంతకు మించిన వేగపరిమితి ఉన్న రోడ్ల మీద, దారి బొత్తిగా కనిపించనప్పుడు మాత్రమే చెల్లుతుంది. 2021 జూలై నుంచి ఆ వెసులుబాటు ఇచ్చారు.

రోడ్డు మీద నీళ్ళు నిలిచి లోతు తెలియకపోతే వెనక్కి తిరుగు. నీ కారు నేలకు దగ్గరగా ఉంటుంది. అడుగు లోతు నీరు వేగంగా పారుతుంటే చాలా కార్లను కొట్టుకుపోగలదు.

ఇంకొకటి, ఇన్సూరెన్స్. ఎదుటివారి నష్టానికి కట్టే పాలసీ ఒక్కటే ఉంటే, వరదలో మునిగినా కొమ్మ పడి కప్పు చిరిగినా నీకు పైసా రాదు. ఇలాంటి నష్టాలకు కట్టే కాంప్రహెన్సివ్ పాలసీ తీసుకో, ఇప్పుడే తీసుకో. తుపాను దగ్గరపడుతోందని ప్రకటించాక కంపెనీలు కొత్త పాలసీలు రాయడం ఆపేస్తాయి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను మా తీరానికి వంద మైళ్ళకు పైగా దూరం నుంచి వెళ్ళింది. అయినా సముద్రం ఉప్పొంగి మా పక్క వీధిలో కార్లు అద్దాల దాకా మునిగాయి. రెండు వారాలు తిరగకుండానే, అక్టోబరు 9న, మిల్టన్ వచ్చింది. ఆ మధ్య రోజుల్లో పాలసీ కోసం తిరిగిన మన పిల్లలను చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

కొత్త సభ్యుడు:

అక్కా, అన్నయ్యా, చాలా కృతజ్ఞతలు. టైరు చూశాను. వెనక రెండింటిలో తల మొత్తం కనిపిస్తోంది, శనివారం మార్పిస్తున్నాను. నిన్నటి వానకు కాళ్ళ దగ్గర చాప తడిసింది. కప్పు కారలేదు మరి, నీరు ఎక్కడిది?

టాంపా సభ్యుడు:

కప్పు మడతపడే చోట నీరు పోవడానికి సన్నని గొట్టాలు ఉంటాయి. వాటిలో ఓక్ ఆకులు చేరి పూడుకుపోతే నీరు లోపలికి మళ్ళుతుంది. సీట్ల కింద వైర్లు, కంప్యూటర్ పెట్టెలు ఉంటాయి కనుక ఆలస్యం చేయకు. మెకానిక్‌తో శుభ్రం చేయించు. ఇనుప చువ్వ పెట్టి నువ్వే పొడిస్తే గొట్టం ఊడిపోవచ్చు.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు కారును అపార్టుమెంటు ఆరుబయట ఉంచవద్దు. కాంక్రీటు పార్కింగ్ భవనంలో రెండో అంతస్తో మూడో అంతస్తో చూసి పెట్టు. ఊరు ఖాళీ చేయమంటే ఆ కారులో బయలుదేరకు. మా ఇంట్లో పెద్ద బండి ఉంది, ఐదుగురికి చోటుంది. మేము వెళ్ళేటప్పుడు నిన్నూ ఎక్కించుకుంటాం. నీ ఫోను నంబరు నాకు విడిగా పంపు.